చర్మ లింఫోమా తొలిదశలో లేజర్ కాంతి: పనికొచ్చే చోటు, పనికిరాని చోటు

లేజర్ అనగానే కోసేదో, కాల్చేదో అన్న ఊహ ముందు వస్తుంది. అందులోనూ క్యాన్సర్‌కు లేజర్ అంటే గడ్డను మాడ్చేస్తారనే అనుకుంటారు. చర్మ లింఫోమా తొలిదశలో వాడే ఎక్సైమర్ లేజర్ ఏదీ కోయదు, మాడ్చదు. 308 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతిని రెండు మూడు సెంటీమీటర్ల మేర చర్మం మీద పడేలా చేస్తుంది, అంతే. ఆ కాంతి సోకిన తెల్ల రక్తకణాల్లో చాలావరకు ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో వాటంతట అవే చచ్చిపోతాయి. చిన్న చోటు, తక్కువ లోతు: ఈ చికిత్స బలం అదే, బలహీనతా అదే. ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి వృథా అన్నది దాదాపు పూర్తిగా ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు జబ్బు సంగతి. చర్మ లింఫోమా చర్మకణాల్లో పుట్టే క్యాన్సర్ కాదు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు చర్మంలో చేరి అదుపు తప్పి పెరగడమే ఇది. లింఫోసైట్లలో బి-కణాలు, టి-కణాలు అని రెండు తెగలున్నాయి కాబట్టి, ఈ జబ్బులో బి-కణాల రకాలూ ఉన్నాయి, టి-కణాల రకాలూ ఉన్నాయి. ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడీస్ అనే టి-కణ లింఫోమా. ఫ్రెంచి చర్మవైద్యుడు అలిబెర్ 1806లోనే దీన్ని వర్ణించాడు. కాంతి చికిత్స గురించి చెప్పేదంతా ప్రధానంగా ఈ రకానికే వర్తిస్తుంది. బి-కణాల లింఫోమాల్లో కణాలు మొదటి నుంచే లోతుగా, గడ్డలా పేరుకుంటాయి కాబట్టి వాటికి ఈ దారి సరిపోదు.

తొలిదశలో ఇది పలుచని మచ్చలుగా మొదలవుతుంది. నడుము, పిరుదులు, తొడలు, చంకలు, రొమ్ముల కింద, అంటే ఎండ పెద్దగా తగలని చోట్ల వస్తుంది. కొద్దిగా పొట్టు రాలుతుంది, కొందరికి దురద ఉంటుంది, కొందరికి అదీ ఉండదు. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. మచ్చలన్నీ కలిపి ఒంటి చర్మంలో 10 శాతం లోపు ఉంటే 1ఎ దశ, అంతకు మించితే 1బి. ఈ లెక్క వేయడానికి డాక్టర్లు రోగి అరచేతినే కొలబద్దగా వాడతారు. వేళ్లతో సహా అరచేయి దాదాపు 1 శాతం. జబ్బు తీవ్రతకు మార్కులు వేసేటప్పుడు పలుచని మచ్చ విస్తీర్ణాన్ని ఒకటితో, మందంగా లేచిన ప్లాక్‌ను రెండుతో, గడ్డను నాలుగుతో గుణిస్తారు. మందం పెరిగేకొద్దీ భారం ఎందుకు పెంచుతారో లేజర్ దగ్గరకు వచ్చేసరికి బాగా తెలిసివస్తుంది.

క్యాన్సర్ అని తేలాక ఇంత మెత్తని చికిత్స ఏమిటన్న టెన్షన్ సహజం. కీమో ఇచ్చేసి మూలంతో సహా పీకేయకూడదా? ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 103 మంది మైకోసిస్ ఫంగాయిడీస్ రోగులను రెండు జట్లుగా విడదీసి చూశారు. ఒక జట్టుకు ఒళ్లంతా ఎలక్ట్రాన్ కిరణాలు, వాటితోపాటు నాలుగు మందుల కీమో. రెండో జట్టుకు పైపూతలతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి ఒక్కో మెట్టే పెంచే చికిత్స. ఫలితాలు 1989లో వచ్చాయి. మచ్చలు పూర్తిగా పోయినవారు మొదటి జట్టులో 38 శాతం, రెండో జట్టులో 18 శాతం. కానీ ఎంతకాలం బతికారన్న లెక్కలో రెండు జట్లకూ తేడా లేదు. దుష్ప్రభావాల బరువు మాత్రం మొదటి జట్టు మీదే పడింది. 1ఎ దశలో ఉన్నవారి ఆయుష్షు అదే వయసు వారి మామూలు ఆయుష్షుకు దాదాపు సమానమని స్టాన్‌ఫర్డ్‌లో దీర్ఘకాలం సాగిన పరిశీలన కూడా చెప్పింది. ఏళ్లకేళ్లు వెంట ఉండే జబ్బుకు, మళ్లీ మళ్లీ ఇవ్వగలిగిన తేలికపాటి చికిత్సే తెలివైన దారి అన్న అభిప్రాయం అలా స్థిరపడింది. స్టీరాయిడ్ పూతలు, మెక్లోరెథమైన్, బెక్సరొటీన్ అనే మందుల జెల్‌లు, కాంతి చికిత్స, ఇవన్నీ ఆ కోవలోవే.

కాంతితో చర్మవ్యాధులను నయం చేయడం కొత్తేమీ కాదు. చర్మక్షయానికి కాంతి వాడినందుకు డెన్మార్క్‌కు చెందిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లోనే నోబెల్ వచ్చింది. సోరాలెన్ అనే మందు మింగించి అతినీలలోహిత-ఎ (యువిఎ) కాంతి పట్టే పద్ధతిని మైకోసిస్ ఫంగాయిడీస్‌లో 1976లో ప్రయత్నించి చూశారు, బాగా పనిచేసింది. తర్వాత 311 నానోమీటర్ల దగ్గర వెలిగే నేరోబ్యాండ్ యువిబి (అతినీలలోహిత-బి) ట్యూబులు వచ్చాయి, వాటిని చుట్టూ అమర్చిన గదిలో రోగిని నిలబెడతారు. మందు మింగే బాధ, దాంతో వచ్చే వికారం తప్పాయి. ఎక్సైమర్ లేజర్ కథ వేరే దారిలో మొదలైంది. 1970లో మాస్కోలోని లెబెదెవ్ సంస్థలో బాసోవ్ బృందం మొదటిదాన్ని తయారుచేసింది. అది భౌతికశాస్త్ర ప్రయోగం, చర్మంతో సంబంధమే లేదు. ఆ కుటుంబంలోదే 193 నానోమీటర్ల లేజర్ కంటి ఆపరేషన్లలోకి వెళ్లింది. క్సెనాన్, క్లోరిన్ కలయికతో 308 నానోమీటర్ల కాంతినిచ్చే లేజర్‌ను 1997లో హంగేరీ వైద్యులు సోరియాసిస్ మీద వాడి చూపించారు. అమెరికాలో సోరియాసిస్‌కు 2000లో అనుమతి వచ్చింది. 2000 తర్వాతి దశాబ్దంలోనే కొందరు చర్మవైద్యులు దాన్ని మైకోసిస్ ఫంగాయిడీస్ మచ్చల వైపు తిప్పారు.

308, 311. రెండు అంకెలకూ ఉన్న తేడా మూడే నానోమీటర్లు. చర్మంలో జరిగే పని కూడా దాదాపు ఒకటే. ఈ కాంతిని కణంలోని డిఎన్ఏ నేరుగా పీల్చుకుంటుంది. పక్కపక్కన ఉన్న థైమీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ దెబ్బను చర్మకణం చాలావరకు సరిచేసుకోగలదు. టి-కణానికి అంత ఓర్పు లేదు. తక్కువ మోతాదుకే చావు సంకేతం మొదలై, చుట్టుపక్కల పెద్దగా వాపు లేకుండా కణం ముక్కలై పోతుంది. చర్మంలో ఉండి టి-కణాలను రెచ్చగొట్టే లాంగర్‌హాన్స్ కణాలు కూడా ఈ కాంతికి తగ్గుతాయి. కాబట్టి లేజర్‌లో ఏదో ప్రత్యేక శక్తి ఉందన్న ప్రచారాన్ని కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. ట్యూబ్‌లైట్ల గదిలో దొరికే కాంతికి, లేజర్ పిడిలోంచి వచ్చే కాంతికి అసలు తేడా అది ఎంత చోటు మీద పడుతుంది, ఒక్కసారికి ఎంత మోతాదు ఇవ్వొచ్చు అన్నవాటిలోనే ఉంది.

లోతు లెక్క

ఒంటి మీద చాలాచోట్ల చర్మం పైపొర మందం మిల్లీమీటరులో పదోవంతు. యువిబి కాంతిలో ఎక్కువ భాగం ఆ పొరలోనే ఆగిపోతుంది. కొద్దిపాటి మాత్రం దాని కింది పొర పైభాగం దాకా వెళుతుంది. తొలిదశ మైకోసిస్ ఫంగాయిడీస్‌లో చెడిపోయిన టి-కణాలు కూడా సరిగ్గా అక్కడే ఉంటాయి. బయాప్సీ (చర్మం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) స్లైడును మైక్రోస్కోపులో చూస్తే పైపొర అడుగున అవి వరుస కట్టినట్టు కనిపిస్తాయి. అక్కడక్కడ పైపొరలోకి చొరబడి చిన్న గుంపులు కడతాయి. కాంతి చేరే లోతూ, కణాలు ఉండే లోతూ ఇలా కలిసిరావడం వల్లే పలుచని మచ్చలు ఇంత తేలికపాటి చికిత్సకు లొంగుతాయి.

మచ్చ మందమై ప్లాక్ అయిందంటే కణాలు కిందికి దిగాయన్నమాట. అప్పుడు 308 కాంతి పైన ఉన్నవాటిని చంపుతుంది, కింద ఉన్నవి మిగిలిపోతాయి. పైకి ఎరుపు తగ్గి, పొట్టు రాలడం ఆగి, నయమైనట్టే కనిపించడం ఇక్కడ అసలు చిక్కు. వేలితో నొక్కి చూస్తే ఇంకా గట్టిగా తగులుతుంది. పలుచని ప్లాక్‌లకు లేజర్‌తో కొంత ఫలితం ఉండొచ్చు. బాగా మందమైనవాటికి సోరాలెన్‌తో కలిపిన యువిఎ, లేదంటే రేడియేషన్ మేలు. ఒకటి రెండు మొండి ప్లాక్‌లు మాత్రమే ఉంటే మొత్తం 8 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదు రేడియేషన్‌ను ఒకటి రెండు సిట్టింగుల్లో ఇచ్చినా బాగా కరుగుతాయి. అలాంటి చోట నెలల తరబడి లేజర్ పట్టడం కాలయాపనే.

వెంట్రుక కుదుళ్ల చుట్టూ పేరుకునే రకం ఇంకా మోసం చేస్తుంది. పైకి చిన్న చిన్న గింజల్లా, మొటిమల్లా ఉంటుంది, అక్కడ వెంట్రుకలు రాలతాయి. కణాలు మాత్రం కుదురు వెంట లోతుగా దిగి ఉంటాయి. యువిబి కాంతికి అవి అందవు. బయాప్సీ రిపోర్టులో ఈ రకం అని రాసి ఉంటే మచ్చ ఎంత చిన్నదైనా లేజర్ ఆలోచన పక్కన పెట్టడమే సబబు.

గది వెలుగు పడని మూలలు

ఒళ్లంతా కాంతి పట్టే గదిలో రోగి నిలబడితే చుట్టూ ట్యూబులు వెలుగుతాయి. ఛాతీ, వీపు, తొడలు బాగానే తడుస్తాయి. చంక లోపల, గజ్జల్లో, రొమ్ము కింది మడతలో, పిరుదుల మధ్య, చెవి వెనక, పాదాల అడుగున వెలుగు పడదు. మైకోసిస్ ఫంగాయిడీస్ ఇష్టపడే చోట్లలో చాలావరకు ఇవే కావడం ఓ ఇబ్బంది. నెలల తరబడి గది చికిత్స తీసుకున్నాక ఒంటి మీద మచ్చలన్నీ పోయి చంకలో ఒకటి, గజ్జలో ఒకటి మిగిలిపోవడం మామూలే. ఆ రెండింటి కోసం ఒళ్లంతా మళ్లీ కాంతి పట్టించడంలో అర్థం లేదు. లేజర్ పిడిని మడత విప్పి నేరుగా ఆ మచ్చ మీదే ఆనించొచ్చు. తల మీద అయితే జుట్టు పాయలు విడదీసి పట్టొచ్చు. ఈ చికిత్సకు తిరుగులేని చోటంటూ ఉంటే అది ఇదే.

మచ్చలు మొత్తం కలిపి రెండు మూడు అరచేతుల లోపు ఉన్నవారికి, వేడి గదిలో నిలబడలేని పెద్దవారికి, ఆ గది అంటే భయపడే పిల్లలకు కూడా ఇది అనువు. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి అతినీలలోహిత కాంతి తగలదు కాబట్టి, జబ్బు లేని చోట భవిష్యత్తులో చర్మక్యాన్సర్ ముప్పు పెంచుతున్నామన్న చింత తగ్గుతుంది. పైగా మామూలు చర్మం కందిపోతుందన్న భయంతో మోతాదును తగ్గించుకోనక్కర్లేదు, మచ్చ తట్టుకునే మేరకు ఇవ్వొచ్చు.

అయితే ఇదే గుణానికి మరో ముఖం ఉంది. లేజర్ కంటికి కనిపించే మచ్చకే చికిత్స చేస్తుంది. చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో ఇంకా పైకి తేలని కణాలుంటే వాటి జోలికి పోదు. గది చికిత్స వాటిని కూడా తాకుతుంది. అందుకే మచ్చలు 10 శాతం దాటి చాలాచోట్ల విస్తరించినవారికి, కొత్తవి తరచూ పుట్టుకొస్తున్నవారికి లేజర్ ఒక్కటే ఇవ్వడం సరికాదు. ఓ చోట మచ్చ ఆర్పుతుంటే ఇంకో చోట లేస్తూనే ఉంటుంది. చర్మంలో ఇరవై ముప్పై చోట్ల మచ్చలున్న మనిషికి పిడితో ఒక్కొక్కటీ పట్టుకుంటూ పోవడం అటు ఆపరేటర్‌కూ ఇటు రోగికీ ప్రయాసే.

సిట్టింగు ఎలా ఉంటుంది

మొదటి రోజు చాలా కేంద్రాల్లో చికిత్స ఉండదు, పరీక్షే ఉంటుంది. జబ్బు లేని చోట, వీపు మీదో పిరుదు మీదో, చిన్న చిన్న చదరాలుగా పెరిగే మోతాదుల్లో కాంతి వేస్తారు. 24 గంటల తర్వాత ఏ చదరం దగ్గర చర్మం లీలగా ఎర్రబడిందో చూస్తారు. ఆ మోతాదే ఆ మనిషి కొలత. చామనఛాయ, నలుపు చర్మాలకు ఈ కొలత ఎక్కువగా వస్తుంది, పైగా వాటి మీద ఎరుపు పట్టుకోవడమూ కష్టం. అనుభవం లేని కళ్లు ఇక్కడే పొరపడతాయి. మోతాదును మిల్లీజౌళ్లలో, చదరపు సెంటీమీటరు లెక్కన రాసుకుంటారు.

అసలు సిట్టింగు రోజున మచ్చ అంచుల వెంట పెన్నుతో గీత గీస్తారు. క్రీములు, పౌడర్లు ఉంటే తుడిచేస్తారు. రోగికీ, చేసేవారికీ ఇద్దరికీ కళ్లద్దాలు తప్పనిసరి. పిడి కొనను చర్మానికి ఆనించి ఒక్కో చోట వదులుతుంటే టకటకమని శబ్దం వస్తుంది, కొంచెం వెచ్చగా తగలొచ్చు, నొప్పి ఉండదు. ఒక చదరం మీద మరో చదరం పడకుండా జరుపుకుంటూ పోవాలి. ఒకదాని మీద ఒకటి పడితే ఆ సన్నని గీత మేర రెట్టింపు మోతాదు తగిలి, మర్నాటికి కందిపోతుంది. కొన్ని మచ్చలే అయితే అంతా నిమిషాల్లో అయిపోతుంది. వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం 48 గంటల ఎడం ఉంచుతారు. చర్మం కాంతికి అలవాటు పడి మందంగా, నల్లగా మారుతుంది కాబట్టి మోతాదు మెల్లగా పెంచుకుంటూ పోవాలి. బొబ్బ వస్తే ఆ చోట ఆపి, మానాక తగ్గించి మొదలుపెడతారు. మొత్తం చికిత్స వారాలు, నెలల లెక్కలో ఉంటుంది. నాలుగు సిట్టింగులకు తేడా లేదని మానేస్తే ఏం తేలదు.

వేరే జబ్బులకు వాడే మందుల గురించి ముందే చెప్పాలి. డాక్సీసైక్లిన్, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటివి చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తాయి. లూపస్ అనే రోగనిరోధక జబ్బు ఉన్నవారికి, గతంలో మెలనోమా అనే చర్మక్యాన్సర్ వచ్చినవారికి, పుట్టుకతోనే ఎండకు చర్మం దెబ్బతినే జబ్బులున్నవారికి ఈ చికిత్స సాధారణంగా వద్దంటారు.

రోగనిర్ధారణ తేలాకే

లేజర్ గురించి చర్చ ఎంత జరిగినా, అంతకన్నా ముందు జరగాల్సిన పని ఒకటి తరచూ కుంటుపడుతుంది. మైకోసిస్ ఫంగాయిడీస్ మచ్చలు ఎగ్జిమాలా, సోరియాసిస్‌లా, తామరలా కనిపిస్తాయి. రంగు తగ్గే రకం ఒకటుంది. అది ముదురు రంగు చర్మం ఉన్నవారిలో, చిన్న వయసులో ఎక్కువ. దాన్ని బొల్లి అనో శోభి అనో అనుకోవడం చాలా తేలిక. రాసుకున్న స్టీరాయిడ్ క్రీము కొంత తగ్గించి గుర్తులు చెరిపేస్తుంది. మొదటి మచ్చకూ సరైన పేరుకూ మధ్య ఏళ్లు గడిచిపోతాయి.

ఎక్సైమర్ లేజర్ ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచగలదు. సోరియాసిస్‌కు, బొల్లికి వాడేది కూడా ఇదే యంత్రం. పొరపాటున బొల్లి అనుకున్న లింఫోమా మచ్చ మీద లేజర్ వేస్తే రంగు తిరిగి వస్తుంది! చికిత్స ఫలించిందని అందరూ సంతోషిస్తారు, అసలు జబ్బు పేరు ఫైలులోకి ఎక్కదు, తర్వాతి పర్యవేక్షణ ఉండదు. అందుకే ఎండ తగలని చోట వచ్చి, ఏళ్ల తరబడి ఉండి, మందులకు తగ్గినట్టే తగ్గి తిరిగొచ్చే మచ్చ మీద లేజర్ పెట్టే ముందు బయాప్సీ చేయించడం మంచిది. పూతలు రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చేస్తే స్లైడు స్పష్టంగా వస్తుంది. మొదటి బయాప్సీలో తేలకపోవడం అరుదేమీ కాదు. టి-కణాలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా అని చూసే జన్యు పరీక్ష, ఇంకోసారి ఇంకోచోట నుంచి ముక్క తీయడం అవసరమవుతాయి.

ఇక ఆధారాల మాట. ఒళ్లంతా పట్టే కాంతి చికిత్సకు దశాబ్దాల అనుభవం, పెద్ద సంఖ్యలో రోగుల లెక్కలు ఉన్నాయి. మైకోసిస్ ఫంగాయిడీస్‌లో ఎక్సైమర్ లేజర్‌కు ఉన్నవి ఎక్కువగా చిన్న చిన్న పరిశీలనలు, కొద్దిమంది రోగుల నివేదికలు. వాటిలో పలుచని మచ్చలు బాగా తగ్గినట్టు, బయాప్సీలో కూడా కణాలు పోయినట్టు ఉంది. కానీ ఫలితం బాగున్న కేసులే అచ్చులోకి రావడం ఎక్కువన్నది గుర్తుపెట్టుకోవాలి. యంత్రానికి వచ్చిన అనుమతులు ప్రధానంగా సోరియాసిస్, బొల్లి లాంటి జబ్బులకు. లింఫోమాకు వాడటం డాక్టరు విచక్షణ మీద జరిగే పనే. ఇది రహస్యమేమీ కాదు, రోగికి ముందే చెప్పాల్సిన విషయం.

మచ్చ పోయాక కూడా చాలామందిలో గోధుమ రంగు నీడ మిగులుతుంది. అది కాంతి వల్ల వచ్చిన నలుపా, మిగిలిన జబ్బా అన్నది చూపుతో ఒక్కోసారి తేలదు. పొట్టు లేకుండా, చేతికి మెత్తగా, వారాలు గడిచేకొద్దీ వెలుస్తుంటే రంగే అయి ఉంటుంది. అనుమానం ఉంటే మళ్లీ ముక్క తీయడమే. ప్రతి విజిట్‌కూ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫొటో తీసి ఉంచుకుంటే ఈ పోలిక చాలా సులువవుతుంది. తగ్గిన మచ్చ నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో తిరిగి రావచ్చు. పలుచగానే వస్తే అదే లేజర్‌ను మళ్లీ వాడొచ్చు, అప్పటిదాకా ఆ చోట ఇచ్చిన మొత్తం మోతాదు మాత్రం లెక్కలో ఉండాలి. మచ్చ చేతికి గట్టిగా తగలడం మొదలైనా, సెంటీమీటరు దాటిన గడ్డ లేచినా, మెడలో, చంకలో, గజ్జల్లో బిళ్లలు కట్టినా లేజర్ సిట్టింగు వాయిదా వేసి ముందు జబ్బు దశను మళ్లీ నిర్ణయించాలి.